ఆట ఆటే అంటే ఎట్లా?

పెద్దమనుషుల నాలుక మీద ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటది. ‘ఆటలో రాజకీయం కలపొద్దు’ అని. ఏ జట్టుతో ఎవరు ఆడుతున్నా సరే, ‘ఆ జట్టు వెనకున్న సర్కారు తన జనాన్ని ఏం చేస్తున్నదో చూసిన్రా?’ అని ఎవరన్నా అడిగితే చాలు, ఈ మాట బయటికొస్తది. ఆట ఆటే, రాజకీయం రాజకీయమే అంటరు. మనకిది కొత్త మాట కాదు. బడిలో కులం మాట ఎత్తొద్దని, ఆఫీసులో ఎత్తొద్దని, పెళ్ళి పందిట్లో ఎత్తొద్దని మనకు చెప్పేది కూడా వీళ్ళే. కులం పాటించేటోడు నోరు తెరవడు. ఆ దెబ్బ తిన్నోడు నోరు తెరిస్తే మాత్రం కులాన్ని తెచ్చింది వాడే అంటరు. ఆట సంగతీ ఇంతే.

ఈ సంచికలో ఈ సంగతి ఎత్తుకోవడానికి కారణముంది. చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల యువజన సంఘాల తమ్ముళ్ళు కొందరు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగిన్రు. ఈ రెండు మండలాల్లోనే ఒక ఊరు. పేరు ఇక్కడ రాయం. రాస్తే ఆ వాడ మీద ఇంకో దెబ్బ పడుతది. ఊరి పండుగకు వెట్టిగా డప్పు కొట్టేది లేదని, కూలి ఇస్తేనే కొడతమని అక్కడి మాదిగలు చెప్పిన్రు. అంతే, ఊరు వాడను వెలేసింది. కిరాణా దుకాణంలో సామాను ఇయ్యరు. పొలం పనికి పిలువరు. ఆటో ఎక్కనియ్యరు. ఆ ఊరి పెద్దలే ఇప్పుడు క్రికెట్ టోర్నమెంట్ పెట్టిన్రు. ఫామ్‌హౌస్ ఆసామి ఒకాయన ప్రైజు డబ్బులు ఇస్తున్నడు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లను పిలిచిన్రు. మన వాడల జట్లను కూడా పిలిచిన్రు, మనోళ్ళు బంతి బాగా వేస్తరని పేరుంది గదా! ఆ ఊరి వాడ పిల్లల జట్టును మాత్రం పిలువలేదు.

పోవాలా, వద్దా? తమ్ముళ్ళలోనే రెండు మాటలున్నయి. ‘పైసలొస్తయి, కిట్టు కొనుక్కుంటం, మన ఆట నలుగురు చూస్తరు, మైదానంలో వాళ్ళను ఓడిస్తే అదే జవాబు’ అని కొందరు. ‘మన అక్కచెల్లెండ్లకు ఉప్పు పప్పు అమ్మని దుకాణం ముందు నిలబడి కూల్ డ్రింకు తాగుతమా?’ అని ఇంకొందరు. రెండు మాటలూ కడుపులో నుంచి వచ్చినవే. అందుకే కోపగించుకోకుండా, తొందరపడకుండా ఆలోచించాలె. ఇది మన రెండు మండలాల ప్రశ్న మాత్రమే కాదు. దక్షిణాఫ్రికా విషయంలో ప్రపంచమంతా ముప్పై ఏండ్లు ఈ ప్రశ్న మీదే కొట్లాడింది.

దక్షిణాఫ్రికా మనకు దూరదేశమేమీ కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. అక్కడి చెరకు తోటల్లో చాకిరీకి మన దేశం నుంచి పోయిన మొదటి ఓడ అదే. ఆ తర్వాత పోయిన ఓడల్లో తమిళులతో పాటు వేలమంది తెలుగువాళ్ళున్నారు. భూమి లేనివాళ్ళు, కరువుకు తట్టుకోలేనివాళ్ళు, ఊరి చివర బతికినవాళ్ళు ఆ ఓడలెక్కారు. వాళ్ళ మనుమలు, మునిమనుమలు అక్కడే పుట్టి, అక్కడే తెల్లదొరల చట్టాల కింద నలిగిపోయారు. నల్లవాడికి వేరే బడి, వేరే బస్సు, వేరే బెంచి, వేరే సముద్రపు ఒడ్డు. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చిన తర్వాత ఆ పద్ధతికి అపార్థైడ్ అని పేరు పెట్టి రాజ్యాంగం లెక్క నడిపించారు.

ఆ డర్బన్‌లో పాప్వా సెవ్‌గోలమ్ అని ఒకాయన ఉండేవాడు. భారత సంతతివాడు. గోల్ఫ్ ఆడే దొరల సంచులు మోసి ఆట నేర్చుకున్నడు. 1963లో నాటాల్ ఓపెన్ పోటీలో తెల్లవాళ్ళందరినీ ఓడించి గెలిచిండు. బయట వాన పడుతున్నది. గెలిచినవాడు క్లబ్బు భవనంలోకి అడుగు పెట్టరాదు, అది తెల్లవాళ్ళది. ఓడినవాళ్ళు లోపల పొడిగా ఉన్నరు. గెలిచినాయన వానలో నిలబడి కప్పు అందుకున్నడు. ఆ ఫోటో ప్రపంచమంతా పోయింది. మైదానంలోకి రానిస్తరు, క్లబ్బులోకి రానియ్యరు. మన ఊళ్ళలో ‘హోటల్ దాకా రా, గ్లాసు మాత్రం వేరు’ అన్నట్టే కదా ఇది!

అక్కడి నల్లవాళ్ళు, భారతీయులు, ఇతర రంగుల వాళ్ళు అప్పుడే ఒక మాట తేల్చుకున్నారు. తెల్ల జట్లతో ఎవరూ ఆడొద్దని ప్రపంచాన్ని అడిగారు. ఈ పని మీద తిరిగిన కవి డెనిస్ బ్రూటస్‌ను 1963లో పట్టుకున్న పోలీసులు, ఆయన తప్పించుకోబోతే వెన్నులో తుపాకీతో కాల్చిన్రు. తర్వాత రాబెన్ దీవి జైల్లో రాళ్ళు కొట్టించిన్రు. కేప్‌టౌన్ క్రికెట్ నాయకుడు హసన్ హోవా ఒక నినాదమిచ్చాడు. మామూలుగా లేని సమాజంలో మామూలు ఆట ఉండదు అని దాని అర్థం. చదువుకున్న ప్రతి తమ్ముడూ గోడ మీద రాసుకోవాల్సిన మాట అది.

ఆ పిలుపు మెల్లమెల్లగా పనిచేసింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు దక్షిణాఫ్రికాను రానియ్యలేదు. 1968లో ఇంగ్లండ్ జట్టులో బాసిల్ డి ఒలివేరా అనే ఒక రంగు మనిషి ఉన్నాడని ఆ దేశ ప్రధాని ఫోర్‌స్టర్ ఆ జట్టునే రావద్దన్నాడు. అంటే ఆటలో రాజకీయం కలిపిందెవరు? 1970లో ఒలింపిక్ కమిటీ దక్షిణాఫ్రికాను బయటికి పంపింది. న్యూజిలాండ్ రగ్బీ జట్టు అక్కడికి పోయి ఆడినందుకు 1976లో ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్స్ వదిలేశాయి. ఏండ్ల తరబడి చెమటోడ్చి తయారైన పేద దేశాల పిల్లలు పతకం ఆశ చంపుకొని ఇంటికి తిరిగిపోయారు. వాళ్ళ త్యాగం గురించి ఎవరూ పాఠం చెప్పరు.

మన దేశం పాత్ర కూడా చెప్పుకోవాలె. మంచిని మంచి అనకపోతే చెడును చెడు అనే హక్కు ఉండదు. 1946లోనే మన దేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం బంద్ చేసింది. అక్కడి భారతీయుల గోసను అదే ఏడు ఐక్యరాజ్యసమితిలో లేవనెత్తింది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్‌లో మన జట్టు ఫైనల్ దాకా పోయింది. ఎదుట దక్షిణాఫ్రికా. అమృతరాజ్ అన్నదమ్ములు మంచి ఊపులో ఉన్నరు, కప్పు చేతికందే దూరంలో ఉంది. మన దేశం ఆడలేదు. ఆడకుండానే కప్పు దక్షిణాఫ్రికాకు పోయింది. డేవిస్ కప్పును మన దేశం ఈనాటికీ గెలువలేదు. అయినా ఆ ఏడు గెలిచింది ఎవరని మమ్మల్ని అడిగితే మన దేశమే అంటం. 1988లో కూడా దక్షిణాఫ్రికాలో ఆడి వచ్చిన గూచ్, మరికొందరు ఉన్న ఇంగ్లండ్ క్రికెట్ జట్టుకు మన సర్కారు తలుపు తెరవలేదు. టూరే రద్దయింది.

ఇదంతా గర్వంగా చెప్పుకున్న తర్వాత ఇంకో లెక్క కూడా తీయాలె. 1946లో ఢిల్లీ పెద్దలు దక్షిణాఫ్రికా సంగతిని ఐక్యరాజ్యసమితికి తీసుకుపోతున్నప్పుడే, బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికా నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన మహజరు కాపీలు పంపమని అడిగారు. అంటరానివాళ్ళ తరఫున అటువంటి పని చేద్దామని ఆయన ఆలోచన. ఒకే ఏడు, ఒకే వేదిక. పరాయి దేశపు వెలివేతకు తలుపు తెరిచారు. సొంత దేశపు వెలివేతకు మాత్రం గడియ పెట్టారు.

1991 చూడండి. జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పెద్ద కులపోడికి తగిలిందని గొడవ మొదలైంది. చుండూరు దళితులను ఊరు సాంఘిక బహిష్కరణ చేసింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. మూడు నెలల తర్వాత, నవంబరు 10న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు మళ్ళీ ప్రపంచంలోకి అడుగు పెట్టింది. ఎదుటి జట్టు మనదే, కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్. అపార్థైడ్ చట్టాలు ఊడిపోతున్నయని, వర్ణవివక్ష ఓడిపోయిందని దేశమంతా చప్పట్లు కొట్టింది. మేము కూడా కొట్టినం. ఎందుకు కొట్టం? మండేలా జైలు నుంచి బయటికొచ్చి ఏడాదిన్నర దాటింది. కాని చుండూరు పిల్లలు తెనాలి శిబిరంలో ఉన్నరు. వాళ్ళను వెలేసిన ఊరితో ఆడనని, వాళ్ళను చంపిన కులంతో కలిసి చాయ్ తాగనని ఎవరన్నా అన్నరా? 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు రోజు కూడా టీవీల్లో ఆటలు ఆగలేదు.

1992 నవంబరులో అజారుద్దీన్ జట్టు దక్షిణాఫ్రికా పోయి మొదటి టెస్టు ఆడింది ఎక్కడనుకున్నరు? అదే డర్బన్‌లో. తొమ్మిదేండ్ల తర్వాత, 2001 ఆగస్టు ఆఖరున, అదే డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ సదస్సు జరిగింది. దేశం నలుమూలల నుంచి దళిత సంఘాలవాళ్ళు పోయారు. కులం కూడా పుట్టుకను బట్టి చేసే వివక్షే, దాన్ని కూడా రాయండి అని అడిగారు. మన సర్కారు అడ్డం పడ్డది. కులం వేరు, జాతి వేరు, ఇది మా ఇంటి సంగతి అన్నది. చివరి ప్రకటనలో కులం అనే మాట రానియ్యలేదు. దక్షిణాఫ్రికా పాలకులు కూడా ఒకప్పుడు ‘ఇది మా ఇంటి సంగతి’ అనే అన్నరు. ఐదేండ్ల తర్వాత 2006 డిసెంబరులో ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా అంటరానితనాన్ని అపార్థైడ్‌తో పోల్చారు. పోల్చి ఊరుకున్నరు.

ఇగ ఆట లోపలికి వద్దాం. పల్వంకర్ బాలూ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? తోలు పని చేసే చమార్ కులంలో పుట్టినాయన, మన మాదిగలకు అన్నదమ్ముల లెక్క. పూనాలో దొరల మైదానంలో పిచ్చి చదును చేస్తూ, దొరలకు బంతులు వేస్తూ ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. గెలవాలంటే ఆయన కావాలె కాబట్టి హిందూ జట్టు తీసుకున్నది. మైదానంలో ఆయన విసిరిన బంతిని బ్రాహ్మణులు పట్టుకుంటరు. చాయ్ వేళకు మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండ్ పోయి వందకు పైగా వికెట్లు తీసి వచ్చినా హిందూ జట్టు నాయకత్వం ఇయ్యలేదు. 1920లో బాలూను పక్కన పెట్టి బ్రాహ్మణ ఆటగాడిని ముందుకు తెస్తే తమ్ముళ్ళు విఠల్, శివరాం మేము ఆడమని జట్టు నుంచి తప్పుకున్నరు. గగ్గోలు పుట్టింది. 1923లో ఆ విఠలే హిందూ జట్టుకు కెప్టెన్ అయ్యిండు. బతిమాలితే రానిది, ఆట మానేస్తే వచ్చింది. ఈ ముచ్చట ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

వందేండ్లు గడిచినయి కదా, మారలేదా అంటరు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన ఆడపిల్లల హాకీ జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆ జట్టులో వందనా కటారియా అంతకుముందు ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టిన పిల్ల. ఓడిన రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు పటాకులు కాల్చి, కులం పేరుతో తిట్టి, జట్టులో దళితులు ఎక్కువయ్యిన్రు కాబట్టే ఓడిన్రని ఎగిరిన్రు. దేశం ఓడితే పండుగ చేసుకున్నది దళితులు కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. క్రికెట్ బంతి తోలుతో చేస్తరు. మీరట్‌లో ఆ తోలు కోసి కుట్టే చేతుల్లో ఎక్కువ మన జాటవ్ అన్నదమ్ములవి. బంతికి అంటు లేదు. కుట్టిన చేతికి ఉన్నది.

కబడ్డీ సంగతే చూడండి. ముట్టుకోవడమే ఆ ఆట. కాలు పట్టాలె, నడుము పట్టాలె, మీద పడాలె. ఊరి పిల్లలు, వాడ పిల్లలు గంటసేపు మన్నులో పొర్లాడుతరు. విజిల్ పడ్డంక ఊరి పిల్లలు కుండ కాడికి పోతరు, వాడ పిల్లలు దోసిలి పడతరు. ఈ దృశ్యం మన మండలాల బళ్ళలో ఇప్పుడు తగ్గింది, పోలేదు. ఆట ఆటే అనేవాళ్ళు ఈ విజిల్ సంగతి చెప్పాలె. ఆట ఎక్కడ ఆగుతది, కులం ఎక్కడ మొదలవుతది?

ఇప్పుడు రెండో పక్క వాదం కూడా నిజాయితీగా వినాలె. ఆడకుండా ఉండటమే ప్రతిసారీ గెలుపా? 1936లో హిట్లర్ బెర్లిన్‌లో ఒలింపిక్స్ పెట్టి ఆర్యజాతి గొప్పదని చాటుకోబోయాడు. అమెరికా నల్లబిడ్డ జెస్సీ ఓవెన్స్ పోయి నాలుగు బంగారు పతకాలు కొట్టి ఆ పొగరు దించాడు. ఓవెన్స్ పోకుంటే ఆ జవాబు ఉండేది కాదు. నిజమే. కాని ఇంకోటి కూడా నిజం. ఆ పండుగతో హిట్లర్ తన ముఖం కడుక్కున్నాడు, మూడేండ్లలో యుద్ధానికి దిగాడు. ఓవెన్స్ తిరిగిపోయిన దేశంలో నల్లవాళ్ళ వేరు సీట్లు అట్లనే ఉన్నయి. ఒక్క మనిషి గెలుపు జాతికి ధైర్యమిస్తది, జాతి గోడను మాత్రం కూల్చదు.

పైసల సంగతి చెప్పే తమ్ముళ్ళు 1983 ముచ్చట వినాలె. దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళు డబ్బు ఆశ చూపి వెస్టిండీస్ నల్ల ఆటగాళ్ళ జట్టును రప్పించుకున్నరు. వాళ్ళూ పేద ఇండ్ల పిల్లలే, మంచి బౌలర్లే. అక్కడ తిరగడానికి వాళ్ళను ‘గౌరవ తెల్లవాళ్ళు’గా లెక్క కట్టారు. ఆ గౌరవం ఎంత గట్టిదో కొలిన్ క్రాఫ్ట్‌కు తెలిసింది. తెల్లవాళ్ళ రైలు పెట్టెలో కూర్చున్నాడని లేపి పంపిన్రు. సొంత దేశాలు వాళ్ళ మీద జీవితకాల నిషేధం పెట్టాయి, ఏండ్ల తర్వాతే ఎత్తేశాయి. కొందరు మళ్ళీ తలెత్తుకొని తిరగలేకపోయారు. వాళ్ళను తిట్టడానికి చెప్పడం లేదు. పేదరికాన్ని కొనుక్కున్నోడు అసలు దోషి. ఫామ్‌హౌస్ ఆసామి ఇచ్చే ప్రైజు డబ్బుల వెనక కూడా ఇదే లెక్క ఉంది. మన జట్లు వస్తే రేపు పోలీసుల ముందు, పేపరోళ్ళ ముందు ఏమంటరు? ‘వెలివేత ఎక్కడుంది సారూ, చూడండి, దళితుల జట్లు మా గ్రౌండ్‌లోనే ఆడినయి’ అంటరు. మన చెమటతో వాళ్ళు ముఖం కడుక్కుంటరు.

మరి ఆడాలా వద్దా అనేది ఎట్లా తేల్చాలె? మాకు తోచిన కొలతలు మూడు.

మొదటిది, దెబ్బ తిన్నవాళ్ళు ఏం అడుగుతున్నరు? దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళే ఆడొద్దని ప్రపంచాన్ని అడిగారు, కాబట్టి ఆడకపోవడమే న్యాయం. ఆఫ్ఘనిస్తాన్ సంగతి చూడండి. 2020లో అక్కడి బోర్డు 25 మంది ఆడపిల్లలకు క్రికెట్ కాంట్రాక్టులిచ్చింది. 2021లో తాలిబన్లు వచ్చి ఆడపిల్లల ఆట, చదువు రెండూ బంద్ పెట్టిన్రు. చాలామంది పిల్లలు ఆస్ట్రేలియాకు పారిపోయారు. ఆస్ట్రేలియా ఆఫ్ఘన్ మగ జట్టుతో సిరీస్‌లు మానుకున్నది, ప్రపంచ కప్పుల్లో మాత్రం ఆడుతున్నది. మన బోర్డు మామూలుగానే ఆడుతున్నది. ఆ పిల్లలు 2024లో ఐసీసీకి ఉత్తరం రాసి, శరణార్థి జట్టుగా తమను ఆడనియ్యమని అడిగారు. 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఒక మ్యాచ్ ఆడి చూపించారు. అంటే అక్కడి పిల్లలు ముందుగా అడుగుతున్నది తమకొక జట్టు. ఆ మాట వినకుండా మనమే బహిష్కరణ అని అరిచినా, అసలు సంగతే లేదన్నట్టు ఆడినా, రెండూ వాళ్ళను మరిచిపోవడమే.

రెండోది, నష్టం ఎవరి మీద పడుతది, లాభం ఎవరి సంచిలోకి పోతది? ఖతార్‌లో 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగింది. ఆ ఎండలో రోడ్లు, హోటళ్ళు, స్టేడియాలు కట్టిన కూలీల్లో మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పిల్లలున్నరు. వాళ్ళలో దళితులు, బీసీలు ఎందరో! పాస్‌పోర్టు సేటు దగ్గర, ప్రాణం దేవుడి దగ్గర. 2010 నుంచి పదేండ్లలో ఆ దేశంలో చనిపోయిన భారతీయ వలస కార్మికులు 2,700 పైచిలుకు అని గార్డియన్ పత్రిక 2021లో లెక్క తీసింది. ఎక్కువ మరణాలకు గుండె ఆగిందని, సహజ మరణమని కాగితం రాసిచ్చిన్రు. కార్మికులకు, వాళ్ళ కుటుంబాలకు కప్పు ప్రైజు డబ్బంత, అంటే 44 కోట్ల డాలర్లు, నష్టపరిహారం నిధి పెట్టమని హక్కుల సంఘాలు అడిగితే ఫిఫా పెట్టలేదు. 2034 కప్పును సౌదీకి ఇచ్చారు. మళ్ళీ మన పిల్లలే పోతరు. ఇక్కడ టీవీ ఆపేసుకుంటే కూలీకి ఒరిగేదేమీ లేదు. శవపెట్టె దిగిన ఇంటికి పైసలు ఇప్పించే కొట్లాటే అసలు పని.

మూడోది, దౌర్జన్యం చేసేవాడు ఆ ఆటను పూలదండ లెక్క మెడలో వేసుకుంటున్నడా? వేసుకుంటుంటే, మనం ఆ దండలో పువ్వు కావొద్దు.

ఈ మూడు కొలతలతో మన ఊరి టోర్నమెంటును కొలవండి. ఆ వాడ పెద్దలను, ఆడవాళ్ళను మేము అడిగినం. ‘మా పిల్లలు లేని గ్రౌండ్‌లో మీ పిల్లలు ఆడొద్దు’ అన్నరు. పోతే లాభం వెలివేసినోళ్ళకు. పోకుంటే నష్టం మనకు కొంత ప్రైజు డబ్బు. దండ ఎవరి మెడలో పడుతదో పైన చెప్పినం. కాబట్టి మా మాట సూటిగా చెబుతున్నం. పోవద్దు. భయపడి కాదు, అలిగి కాదు. కారణం కాగితం మీద రాసి, పదిమంది సంతకాలు పెట్టి, నిర్వాహకుల చేతికిచ్చి మరీ మానేయాలె. చప్పుడు లేకుండా మానేస్తే అది గైర్హాజరు. చెప్పి మానేస్తేనే బహిష్కరణ.

బహిష్కరణ అన్న మాట దగ్గర ఒక తేడా చూడాలె. ఊరు మనల్ని చేసే బహిష్కరణ వేరు, మనం చేసే బహిష్కరణ వేరు. వాళ్ళది కడుపు మీద కొట్టేది. ఉప్పు, నీళ్ళు, పని, మందు ఆపేది. అది నేరం. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేసినా, చేస్తమని బెదిరించినా శిక్ష ఉన్నది. ఆ వాడ తరఫున ఈ సెక్షన్ కింద ఫిర్యాదు రాయించే పని సంఘాలు వెంటనే చేపట్టాలె. మనం చేసే బహిష్కరణ ఎవరి కంచంలో అన్నం తీయదు. మా చెమటను, మా ఆటను మీ గొప్పకు వాడుకోనియ్యమని చెబుతది, అంతే.

మానేసి ఊరుకుంటే చాలదు. దక్షిణాఫ్రికా నల్లవాళ్ళు తెల్ల మైదానం వద్దని ఇంట్లో కూర్చోలేదు. రంగు భేదం లేని సొంత లీగులు నడిపారు. మనం కూడా ఏప్రిల్ 14కు రెండు మండలాల పోటీ పెట్టుకుందాం. క్రికెట్, కబడ్డీ, ఆడపిల్లలకు ఖోఖో. వెలివేసిన వాడ జట్టును మొదటి మ్యాచ్‌కు పిలుద్దాం. మాల, మాదిగ అనే గీత జట్లలో ఉండొద్దు. ఊరి జట్లు కూడా రావొచ్చు, తలుపు మూయం. షరతులు నాలుగే. ఒకే కుండ నీళ్ళు. ఒకే బంతిలో భోజనం. నోట్లో కులం పేరు వస్తే జట్టు బయటికి. ఎవరి ఊళ్ళో వెలివేత నడుస్తుందో ఆ ఊరి జట్టు దాన్ని ఎత్తేసి రావాలె. ఈ షరతులకు ఒప్పుకున్న ఊరి పిల్లలను కౌగిలించుకుందాం. వాళ్ళలో మారాలనుకునే పిల్లలు లేరని మేము అనుకోవడం లేదు.

ఎక్కడ ఆడుదామన్నది మాత్రం పెద్ద చిక్కు. మొయినాబాద్ ఊళ్ళు జంట జలాశయాల పరిధిలో ఉన్నయని 1996లో 111 జీవో వచ్చింది, 84 గ్రామాలకు వర్తించింది. పెద్ద కట్టడాలు వద్దన్నరు, ఫామ్‌హౌస్‌లు మాత్రం మొలిచినయి. వాడ పిల్లలు ఆడుకున్న బంజరు ఎన్నో చోట్ల ప్రహరీ లోపలికి పోయింది. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్లను కాపాడమని నగరంవాళ్ళు కోర్టుకెక్కిన్రు. మంచిదే, చెట్లు బతకాలె. వాడ పిల్లల ఆటస్థలం కోసం ఎక్కేదెవరు? 2003 ఏప్రిల్ 9న వైఎస్ పాదయాత్ర చేవెళ్ళ నుంచే మొదలైంది. 2023 ఆగస్టు 26న కాంగ్రెస్ ఎస్సీ ఎస్టీ డిక్లరేషన్ చేవెళ్ళలోనే చదివారు. సభలకు మైదానం దొరికే చోట పిల్లల ఆటకు దొరకదా? ప్రతి వాడకు అర ఎకరం ఆటస్థలం అన్న డిమాండ్‌తో రెండు మండలాల ఆఫీసుల ముందు దరఖాస్తులు పెట్టాలె. సంఘాలు ఈ పక్షంలోనే సర్వే నంబర్లు రాసి పంపితే పత్రికలో వేస్తం.

బళ్ళలో పనిచేసే మన పంతుళ్ళకు ఒక మాట. ఆటల పీరియడ్‌లో బంతి ఇచ్చి కుర్చీలో కూర్చోవద్దు. విజిల్ పడ్డంక నీళ్ళ కాడ ఏం జరుగుతున్నదో చూడండి. పాప్వా వానలో నిలబడ్డ ముచ్చట, విఠల్, శివరాం ఆట మానేసిన ముచ్చట పిల్లలకు చెప్పండి. గెలవడం నేర్పేటోళ్ళు చాలామంది ఉన్నరు. ఎవరితో, ఏ షరతు మీద ఆడాలో నేర్పేటోళ్ళే తక్కువ.

తమ్ముళ్ళూ, మీ చేతిలో బంతి ఉంది. మీరు వేస్తేనే వాళ్ళ టోర్నమెంటు. వెలివేత ఎత్తేసిన నాడు అదే గ్రౌండ్‌లో, ఆ వాడ పిల్లలతో కలిసి దిగుదాం. అందాక వెయ్యకండి.

జై భీం.